సముద్రపు గాలికి నల్లబడ్డ ఇంటి రాగి కప్పుకి మళ్ళీ మెరుగు తేవడం

రాగి రేకు వేసిన ఇంటి కప్పు మీద ఉప్పు వెయ్యకండి. మిగతా ఏది మర్చిపోయినా ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. చింతపండులో ఇంత ఉప్పు కలిపి తోమితే రాగి చెంబు నిమిషంలో తళతళలాడుతుంది, నిజమే. మన ఇళ్ళలో అందరి చేతికీ అలవాటైన పద్ధతి అది. అదే పద్ధతి ఇంటి కప్పు మీద చేస్తే, కొద్ది రోజులు తిరక్కుండానే రేకుల అతుకుల వెంట పచ్చటి చారలు తేలతాయి. ముందున్న నలుపే నయం అనిపిస్తుంది.

చెన్నై బెసెంట్ నగర్‌లో ఒక ఇంటికి పోర్టికో చూడ్డానికి వెళ్ళినప్పుడు ఆ ఇంటి పెద్దావిడ, నెల్లూరు వైపు మనిషి, నన్ను నిలదీసింది. "పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ మా బిందెలన్నీ ఉప్పూ చింతపండుతోనే తోముతున్నాను నాయనా. ఒక్కదానికైనా చిలుము పట్టిందా?" అంది.

"బిందె తోమాక లోపలా బయటా కడిగి బోర్లిస్తారు కదమ్మా. ఈ కప్పుని ఎట్లా బోర్లిస్తాం? రేకుల అతుకు మడతలోకి దిగిన ఉప్పు మడతలోనే కూర్చుంటుంది" అన్నాను.

ఆవిడ మేడ మీదికి వెళ్ళి, బాల్కనీలోంచి వంగి ఆ మడతలు చూసుకుని, "సరే, నీ పద్ధతిలోనే కానీ" అంది. ఇక్కడ రాస్తున్నది ఆ పద్ధతే.

మాది తూర్పు గోదావరిలో (2022 దాకా పశ్చిమ గోదావరి) అజ్జరం. ఇత్తడి, రాగి పని ఇంట్లో పుట్టిన పని. చెన్నై వచ్చాక గుడి కలశాలు, పూజగది శిఖరాలు, పోర్టికోల మీది రాగి కప్పులు, ఇట్లాంటి వాటికి మెరుగు పెట్టే పనిలో పడ్డాను. ఈ ఊళ్ళో రాగికి రెండు వైపుల నుంచి దెబ్బ. సముద్రపు గాలిలో ఉప్పు, రోడ్డు మీద వాహనాల పొగ. కొత్త రేకు గులాబీ రంగు మెరుపుతో వస్తుంది. మొదట గోధుమ రంగుకి తిరుగుతుంది. తర్వాత ముదిరి చాక్లెట్ రంగు, ఆపైన నలుపు. ఏళ్ళు గడిచాక పచ్చ. సముద్రం దగ్గర పట్టే పచ్చలో క్లోరైడు ఎక్కువ. లోపలి ఊళ్ళలో, పొగ ఉన్నచోట పట్టేది ఎక్కువగా సల్ఫేటు.

మెరుగు పెట్టించుకునేవాళ్ళు ముందే తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఆ నలుపూ, సమంగా పట్టిన పచ్చా రేకుని తినేసే జబ్బు కాదు. కింద రాగిని కాపాడే పొర అది. న్యూయార్క్ స్వేచ్ఛా విగ్రహం 1886లో నిలబెట్టినప్పుడు రాగి రంగులోనే ఉండేది. దాని రేకు మందం 2.4 మిల్లీమీటర్లే. 1980లలో పెద్ద ఎత్తున మరమ్మతు చేసినప్పుడు కూడా పైనున్న పచ్చని తియ్యలేదు, తీస్తే రేకుకే నష్టమని. మన పోర్టికోల మీద వేసేది అంతకన్నా బాగా పల్చన. 24 గేజ్ రేకంటే అర మిల్లీమీటరుకి కాస్త పైన, అంతే. తోమిన ప్రతిసారీ అందులోంచి కొంత రాగి పోతుంది. అందుకని ఏటా తోముకుందాం అనుకునేవాళ్ళకి నేను వద్దనే చెబుతాను. ఒకసారి శుభ్రంగా తోమి, పైన పూత వేసి, ఆ పూతని కాపాడుకోవాలి. దానికి ఓపిక ఉంటేనే మొదలుపెట్టండి. పెద్ద కప్పయితే మొత్తం జోలికి పోకుండా, గేటు దగ్గర నిలబడితే కనబడే ముందు భాగం, శిఖరం, కలశం వరకు మెరిపించి మిగతాది గోధుమ రంగులో వదిలేయండి. ఆ రెండు రంగులూ పక్కపక్కన అందంగానే ఉంటాయి.

ఇక రేకు నిజంగా రాగేనా? ఇది అడగాల్సిన ప్రశ్నే. ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) వెంట కొత్తగా కట్టిన ఇళ్ళ మీద రాగి రంగు వేసిన అల్యూమినియం, ఇనుప రేకులు కూడా ఉంటున్నాయి. అయస్కాంతం అంటుకుంటే ఇనుము. అంటుకోకపోతే, కనబడని చోట చూరు అంచుని మేకు మొనతో చిన్నగా గీసి చూడండి. తెల్లగా కనబడితే అల్యూమినియం, ఎర్రగా కనబడితే రాగి. రంగు రేకు మీద యాసిడ్ పోస్తే రంగు ఊడి రావడం తప్ప ఇంకేమీ జరగదు.

రాగేనని తేలాక, మీద పాత పూత ఉందేమో చూడండి. పొలుసులు లేచినట్టు, ఒకచోట మెరుస్తూ పక్కనే నల్లటి మచ్చలతో ఉంటే ఎప్పుడో లాకర్ (రాగి మెరుపు పోకుండా వేసే పారదర్శకమైన పూత) వేశారన్నమాట. గుడ్డకి థిన్నర్ తడిపి రుద్దితే జిగురుగా వస్తుంది. ఆ పూత మొత్తం తీసేదాకా యాసిడ్ రాగికి తగలదు. పెయింట్ రిమూవర్‌తో, ప్లాస్టిక్ గీకుడు చెక్కతో ముందు అది వదిలించాలి. మెట్లు, చెయ్యిపట్టే చోట్లు పట్టుకుని మీరే ఎక్కి చెయ్యగలిగినంత ఎత్తులో ఉంటేనే సొంతంగా దిగండి. మొదటి అంతస్తు దాటితే పరంజా, నడుముకి బెల్టు లేకుండా ఎవరూ ఎక్కకూడదు. కరెంటు తీగలు దగ్గర్లో ఉన్నా అంతే. రేకు మీద నేరుగా కాలు పెడితే సొట్ట పడుతుంది, ఆ సొట్టలో నీళ్ళు నిలుస్తాయి. కింద ఫోమ్ అతికించిన పలక వేసుకుని దాని మీద మోకాళ్ళు ఆనించాలి.

కాలం సంగతి. ఈశాన్య రుతుపవనాలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈ ఊరిని వదలవు, అప్పుడు ముట్టుకోవద్దు. సంక్రాంతి వెళ్ళాక, ఎండలు ముదరకముందు చెయ్యండి. తోముడు పని పొద్దున్నే మొదలుపెట్టాలి. రేకు వేడెక్కితే పోసిన ద్రావణం పోసినచోటే ఎండి మరకవుతుంది. పూత పని మటుకు మంచు పూర్తిగా ఆరాక మొదలై, మధ్యాహ్నం సముద్రపు గాలి తిరగకముందే ముగియాలి. ఆ గాలితో తేమా, ఉప్పూ రెండూ వస్తాయి.

నీళ్ళెక్కడికి పోతున్నాయో చూడకుండా ఒక్క చుక్క కూడా పోయకండి. 2003 నుంచి తమిళనాడులో ప్రతి ఇంటికీ వాన నీటి సేకరణ తప్పనిసరి. అంటే మీ కప్పు మీది గొట్టం తిన్నగా బావిలోకో, సంపులోకో, ఇంకుడు గుంతలోకో పోతూ ఉంటుంది. తోమినప్పుడు వచ్చేవి రాగి కరిగిన నీళ్ళు. తాగడానికి పనికిరావు. చేపలకైతే కొద్దిపాటి రాగి కూడా ప్రాణాంతకం. గొట్టం ఊడదీసి, దాని కింద డ్రమ్ము పెట్టండి. డ్రమ్ములోకి పట్టిన నీళ్ళని బాగా పలచన చేసి మురుగు లైన్లో పోయాలి. వీధి పక్కన వాన నీటి కాలువలో పోస్తే అడయారు నదిలోకో, కూవం నదిలోకో, సముద్రంలోకో చేరతాయి. తామర తొట్టెలో గప్పీ చేపలుంటే ఆ తొట్టె ముందుగా పక్కకి జరపండి. తులసి కోట మీద ప్లాస్టిక్ షీట్ కప్పండి. తెల్ల గోడ, పాలరాయి మెట్లు ఉంటే ముందే మంచి నీళ్ళతో తడిపి, పైన పాలిథిన్ కప్పాలి. పాలరాయి మీద పడ్డ పచ్చ మరక తేలిగ్గా వదలదు.

ఇప్పుడు అసలు పని.

మొదటి కడుగుడు కుంకుడు రసంతో. బజారు సబ్బు కన్నా నాకు అదే నచ్చుతుంది. నలిపి వడకట్టి, బక్కెట్టు నీళ్ళలో కలిపి, మెత్తటి బ్రష్‌తో దుమ్ము, కాకి రెట్టలు, ఉప్పు పొర వదిలించండి. గొట్టం నీళ్ళు పైనుంచి కిందికే పట్టాలి. కింది నుంచి పైకి కొడితే మడతల్లోంచి నీళ్ళు లోపలి చెక్కకి పోతాయి. కారు కడిగే ప్రెషర్ మెషిన్ ఇక్కడ వద్దు. కడిగి ఆరాక కప్పుని ఒకసారి నింపాదిగా చూడండి. టంకం పెట్టిన అతుకులు ఎక్కడున్నాయి, సూది మొనంత రంధ్రాలు ఎక్కడైనా పడ్డాయా అని చూసుకోవాలి. కింద చెక్క అడ్డం లేనిచోట రాత్రిపూట లోపలి నుంచి టార్చ్ వేసి, ఒక మనిషిని బయట నిలబెడితే రంధ్రం దాగదు. ఉంటే ముందు టంకం వేయించుకుని తర్వాతే తోముడు.

ద్రావణానికి నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ యాసిడ్ వాడండి. జార్జ్ టౌన్ రసాయనాల కొట్లలో కిలోల లెక్కన దొరుకుతుంది. లీటరు నీళ్ళకి 50 గ్రాములు. పచ్చ బాగా గట్టిపడి ఉంటే 100 గ్రాముల దాకా వెళ్ళొచ్చు, అంతకు మించి అక్కర్లేదు. బాత్‌రూమ్ కడిగే యాసిడ్ మాత్రం వద్దే వద్దు. అది హైడ్రోక్లోరిక్ యాసిడ్. ఉప్పు చేసే కీడు అదింకా గట్టిగా చేస్తుంది, టంకాన్నీ తింటుంది. బ్లీచింగ్ పౌడర్‌ని ఏ యాసిడ్‌తోనూ కలపకూడదు. క్లోరిన్ వాయువు లేస్తుంది, ఊపిరితిత్తులకి ప్రమాదం.

కప్పు వాలుగా ఉంటుంది కాబట్టి పల్చటి ద్రావణం కారిపోతుంది. దానికి మైదా గంజి కాచి, చల్లార్చి, అందులో నిమ్మ ఉప్పు నీళ్ళు కలిపి బ్రష్‌కి అంటుకునేంత చిక్కగా చేసుకోండి. ముందు ఎవరికీ కనబడని మూల అరచెయ్యంత చోట రాసి ఫలితం చూసుకోవాలి. తర్వాత ఒక్కో రేకు పలక చొప్పున, మడత నుంచి మడత దాకా. రాయడం కింది నుంచి పైకి. పైనుంచి మొదలుపెడితే కారిన చారలు ఎండిన రాగి మీద గీతలు వేస్తాయి, ఆ గీతలు తర్వాత తోమినా కనిపిస్తూనే ఉంటాయి. చేతికి రబ్బరు గ్లవ్స్, కళ్ళకి అద్దాలు తప్పనిసరి.

ఐదు నుంచి పది నిమిషాలు ఉంచండి. ఎండనివ్వకుండా మధ్యలో మళ్ళీ తడుపుతూ ఉండాలి. ఈ లోపల దగ్గరగా చూస్తే ఏం జరుగుతోందో కనబడుతుంది. పచ్చ ముందుగా కరిగి గంజి నీలిగా తిరుగుతుంది. ఆ తర్వాత నలుపు అంచుల దగ్గర పలచబడి, కింద ఇటుక రంగు ఎరుపు తేలుతుంది. ఆ ఎరుపు ఇంకా రాగి కాదు, రాగి మీది మొదటి పొర. చాలామంది అక్కడే ఆపి "ఇదేమిటి, మెరుపు రాలేదు" అంటారు. నైలాన్ స్క్రబ్బర్‌తో రేకు పొడుగు వెంట నిమ్మళంగా రుద్దితే ఆ ఎరుపు వదిలి గులాబీ రంగు బయటపడుతుంది. ఒకసారికి రాకపోతే కడిగి మళ్ళీ రాయండి. ఎక్కువ సేపు ఉంచేద్దాం అనుకోవద్దు. రెండు మూడు చిన్న దఫాలు, ఒక పెద్ద దఫా కన్నా రాగికి మంచిది.

చింతపండు వాడకూడదా అని అడుగుతారు. వాడొచ్చు, అందులోది టార్టారిక్ యాసిడ్, రాగికి మంచిదే. ఉప్పు లేకుండా, పీచు లేకుండా వడకట్టిన చిక్కటి గుజ్జు చిన్న కలశానికి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. పెద్ద కప్పుకైతే ఆ జిగురంతా మడతల్లోంచి కడగడం కష్టం. ఇటుక పొడి, ముగ్గు పిండి, ఇసుక ఏవీ వద్దు, గీతలు పడతాయి. స్టీల్ పీచు అసలే వద్దు. దాని తునకలు రాగిలో గుచ్చుకుని మొదటి వానకే తుప్పు చుక్కలవుతాయి.

ప్రతి పలకా కడిగిన వెంటనే వంట సోడా నీళ్ళు పొయ్యాలి. లీటరుకి ఒక పెద్ద చెంచా. మడతల మీద ధారాళంగా పోసి, రెండు నిమిషాలు ఆగి, మళ్ళీ మంచి నీళ్ళు. నీలి లిట్మస్ కాగితం మడత అంచున పెట్టి చూడండి. ఎర్రబడితే ఇంకా పులుపు ఉన్నట్టే, మళ్ళీ సోడా.

ఈ ఊళ్ళో చాలామంది పట్టించుకోని సంగతి ఆఖరి కడుగుడు నీళ్ళు. తిరువాన్మియూర్, బెసెంట్ నగర్, నీలాంకరై లాంటి చోట్ల బోరు నీళ్ళు చాలా ఇళ్ళలో ఉప్పగా ఉంటాయి. అంత కష్టపడి తోమి, చివర్లో బోరు నీళ్ళతో కడిగితే మళ్ళీ ఉప్పు పూసినట్టే. ఆర్వో మెషిన్ వదిలేసే వ్యర్థపు నీళ్ళు ఇంకా ఘోరం. ఆఖరి దఫాకి మెట్రో వాటర్ (ఊరి కుళాయి నీళ్ళు) గానీ, ఆర్వో శుద్ధి చేసిన నీళ్ళు గానీ వాడండి. శిఖరం, కలశం లాంటి చిన్న వాటికి డిస్టిల్డ్ వాటర్ అయితే ఇంకా మంచిది. కడిగిన వెంటనే ఉతికిన పాత నూలు పంచె ముక్కలతో తుడిచి, మడతల్లోకి బ్లోయర్‌తో గాలి కొట్టి ఆరబెట్టండి. గాలికి వదిలేస్తే నీటి చుక్క ఎండినచోటల్లా గుండ్రటి మచ్చ పడుతుంది.

ఇక్కడికి రాగి శుభ్రమైంది గానీ మెరుపు ఇంకా మసకగా ఉంటుంది, యాసిడ్ తగిలిన రాగి అట్లాగే ఉంటుంది. మెరుగు పెట్టడానికి మెత్తటి సుద్ద పొడిని నీళ్ళలో ముద్ద చేసి గానీ, బజార్లో దొరికే మెటల్ పాలిష్‌తో గానీ నూలు గుడ్డతో రుద్దండి. గుడ్డ ఎప్పుడూ రేకు పొడుగు వెంటే నడవాలి. గుండ్రంగా తిప్పితే ఎండ పడ్డప్పుడు ఆ సుడులన్నీ బయటపడతాయి. బఫింగ్ మెషిన్ అనుభవం ఉన్న చేతికే ఇవ్వండి. మడత మీద ఒక్కచోట చక్రం ఆగితే చాలు, అక్కడ రేకు అరిగి చిల్లు పడుతుంది. పాలిష్ అయ్యాక మడతల్లో తెల్లటి ముద్ద మిగులుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన గుడ్డతో మొత్తం తుడవాలి. అప్పటి నుంచీ ఒట్టి చెయ్యి రాగికి తగలకూడదు. వేలిముద్ర చెమట పూత కింద నల్లగా తేలి కూర్చుంటుంది, పూత తీస్తే తప్ప పోదు. శుభ్రమైన నూలు గ్లవ్స్ వేసుకోండి.

పూత అదే రోజు పడాలి. ఈ ఊళ్ళో ఒట్టి రాగిని రాత్రంతా వదిలితే పొద్దుటికి మెరుపు ఒక మెట్టు దిగి ఉంటుంది. తోమిన కప్పుని పూత లేకుండా వదిలేస్తే కొన్ని వారాల్లో మళ్ళీ గోధుమ రంగే. అందుకని ఒక రోజులో తోమి, కడిగి, పూత కూడా వెయ్యగలిగినంత భాగమే తీసుకోండి. మిగతాది మర్నాడు.

మైనం పూత తేలిక. కొద్దిగా రాసి, ఆరాక మెత్తటి గుడ్డతో రుద్దితే రంగు లోతుగా కనబడుతుంది. కానీ మన ఎండకీ వానకీ అది కొన్ని నెలలే. నీడలో ఉండే పూజగది శిఖరానికి మైనం చాలు. ఎండలో ఉండే పోర్టికోకి లాకర్ వెయ్యాల్సిందే. కొట్లో అడిగేటప్పుడు బెంజోట్రయాజోల్ కలిసిన ఆక్రిలిక్ లాకర్ అని అడగండి. ఆ బెంజోట్రయాజోల్ రాగిని పట్టుకుని రంగు మారకుండా ఆపుతుంది. ఈ జాతిలో ఇంక్రాలాక్ అనే లాకర్ ప్రసిద్ధం. చెక్కకి వేసే రెండు డబ్బాల పీయూ (పాలీయూరిథేన్) పూత మీకు అంటగడతారు, గట్టిగా ఉంటుందని. గట్టిగానే ఉంటుంది, కానీ ఒకచోట చెడితే తియ్యడం నరకం. ఆక్రిలిక్ అయితే థిన్నర్‌తో మళ్ళీ తియ్యొచ్చు, పాడైనంత మేర మళ్ళీ వెయ్యొచ్చు. ఎప్పుడో ఒకప్పుడు తియ్యాల్సి వస్తుందన్న ఎరుకతోనే పూత ఎంచుకోవాలి.

స్ప్రే గన్‌తో పల్చగా మూడు దఫాలు, డబ్బా మీద రాసినంత సేపు మధ్యలో ఆరనిచ్చి. గాలిలో తేమ ఎక్కువున్నప్పుడు కొడితే పూత తెల్లగా మసకబారుతుంది. అప్పుడు ఆపేసి, ఎండెక్కాక చూసుకోండి. పక్క నుంచి ఏటవాలుగా చూసినప్పుడు ఇంద్రధనుస్సు రంగులు కనబడితే అక్కడ పూత చాలా పల్చగా ఉన్నట్టు, ఇంకో దఫా కావాలి. మడతల అంచుల మీద ప్రత్యేకంగా బ్రష్‌తో ఒక చెయ్యి వెయ్యండి. పూత మొదట విడిపోయేది ఆ అంచుల దగ్గరే. ఈ లాకర్లలో టొలుయిన్ లాంటివి ఉంటాయి, మంట అంటుకుంటుంది. బీడీ, దీపం, వెల్డింగ్ ఏవీ దగ్గరుండకూడదు. ముక్కుకి మామూలు గుడ్డ మాస్కు కాదు, రసాయనాల వాసన ఆపే ఫిల్టర్ ఉన్నది కట్టుకోవాలి.

గొట్టం తిరిగి బిగించేముందు ఒక మంచి వాన పడనివ్వండి, ఆ నీళ్ళు కూడా బయటికే పోనివ్వండి. చూరు కింద జింకు పూసిన ఇనుప తూములు గానీ, అల్యూమినియం తూములు గానీ ఉంటే మార్పించుకోండి. రాగి మీది నుంచి కారే నీళ్ళు పడ్డచోట ఆ తూములు తినుకుపోతాయి.

ఏడాదికి రెండుసార్లు కుంకుడు నీళ్ళతో కడగండి. వానలు వెళ్ళిన జనవరిలో ఒకసారి, వేసవి ముగిశాక ఒకసారి. కడిగినప్పుడల్లా అంచుల వెంట కళ్ళు పెట్టి చూడండి. లాకర్ కింద వెంట్రుకంత సన్నటి నల్ల గీత పాకుతూ కనబడితే అక్కడ పూత పగిలిందన్నమాట. ఈ ఎండలో నేను వేసిన పూతలు రెండు మూడేళ్ళకి ఇట్లా మొదలవుతాయి. అప్పుడే దాని చుట్టూ రెండు అంగుళాల మేర థిన్నర్‌తో పూత తుడిచి, నిమ్మ ఉప్పు, సోడా, మెట్రో నీళ్ళు, పాలిష్, ఆల్కహాల్ అదే వరసలో చేసి, కొత్త పూత పాత అంచు మీదికి కొద్దిగా ఎక్కేలా వెయ్యండి. కొత్తగా వేసినచోట రెండు మూడు రోజులు చెయ్యి పెట్టకుండా, నీళ్ళు పడకుండా చూసుకుంటే చాలు.